ఎప్పుడో ఒకసారి రాసేవాళ్ల కోసం ఫీడ్ రీడర్

ఫీడ్ రీడర్ అనగానే కొంతమంది "అదేంటి?" అంటారు, ఇంకొంతమంది "అదింకా బతికే ఉందా?" అంటారు. మొదటి రకం వాళ్లకి చెప్పడం ఈజీ, మనం ఎంచుకున్న సైట్లలో కొత్తగా ఏం వచ్చిందో తనే చూసుకొచ్చి ఒకే చోట చూపించే యాప్ అంటే ఐదు నిమిషాల్లో అర్థమైపోతుంది. రెండో రకం వాళ్లతోనే తంటా. ఎందుకంటే వాళ్లు ఒకప్పుడు తెగ వాడేసి, కనపడ్డ ప్రతి సైటునీ అందులో పడేసి, చదవనివి వెయ్యి దాటిపోయి ఆ అంకె రోజూ పైనుంచి వెక్కిరిస్తుంటే విసుగొచ్చి మూసేసినవాళ్లు. వాళ్ల విసుగుని నేను తప్పు పట్టను. కాకపోతే ఆ విసుగుకి కారణం అందులో ఎలాంటి సైట్లు వేసుకున్నారు అన్నదాన్లో ఉందని నా వాదన, ఈ పోస్టంతా దాని గురించే.

రోజుకి నలభై యాభై ఐటమ్స్ వేసే న్యూస్ సైట్లకి అసలు రీడరెందుకు చెప్పండి? వాటి దగ్గరికి ఎలాగూ మనం వెళ్తూనే ఉంటాం, వెళ్లకపోయినా పెద్ద వార్తయితే ఎవరో ఒకళ్లు మన చెవిన వేసేస్తారు. ఫీడ్‌తో నిజంగా పని పడేది ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు మాత్రమే రాసేవాళ్ల దగ్గర. ఆర్నెల్లకో పోస్టు రాసే మనిషి, ఏడాదికోసారి కొత్త వెర్షన్ వదిలే చిన్న సాఫ్ట్‌వేర్, ఒక్కళ్లే కూర్చుని తీరిగ్గా చేసే పాడ్‌కాస్ట్, ఎప్పుడు కదులుతుందో తెలియని ఏదో రీసెర్చ్ గ్రూప్ పేజీ, ఇలాంటివాటిని గుర్తుపెట్టుకుని మరీ వెళ్లి చూడటం అయ్యే పనేనా? ఈ నెల వెళ్తాం, ఏమీ ఉండదు, వచ్చే నెల వెళ్తాం, ఏమీ ఉండదు, ఆ తర్వాత మర్చిపోతాం, సరిగ్గా అప్పుడే ఆయన ఓ అద్భుతమైన పోస్టు రాస్తాడు. బుక్‌మార్క్ చేసుకుంటే అది బుక్‌మార్కుల్లోనే సమాధి. సోషల్ మీడియాలో ఫాలో అయితే చాలదా అంటే, అక్కడ రోజుకి పదిసార్లు మాట్లాడేవాళ్లే మళ్లీ మళ్లీ కనిపిస్తారు, ఏడాదికోసారి నోరు విప్పేవాడి మాట ఆ రొదలో ఎవరికి వినపడుతుంది? మనం సరిగ్గా ఆ గంటలో అటు తొంగి చూసుంటే తప్ప మన కంట పడదు.

తెలియనివాళ్ల కోసం అసలు సంగతి కాస్త చెప్తాను. చాలా సైట్లు మనకి కనిపించే పేజీలతో పాటు పక్కన ఇంకో ఫైల్ కూడా ఉంచుతాయి, మెషీన్లు తేలిగ్గా చదువుకునే ఎక్స్ఎంఎల్ అనే పద్ధతిలో రాసి ఉంటుంది, దాన్నే ఫీడ్ అంటారు, అందులో ఈ మధ్య వేసిన పోస్టుల వివరాలు మాత్రమే ఉంటాయి, రంగులూ మెనూలూ యాడ్‌లూ ఏమీ ఉండవు. ఒకసారి ఏదైనా బ్లాగు ఫీడ్ ఓపెన్ చేసి చూడండి, భయపడాల్సిందేమీ లేదు. పైన ఛానెల్ అని మొదలవుతుంది, దాని కింద సైటు పేరు, అడ్రసు, ఒక వాక్యంలో పరిచయం. ఆ తర్వాత ఐటమ్, ఐటమ్, ఐటమ్ అంటూ వరసగా వస్తాయి, ఒక్కో ఐటమ్‌లో పోస్టు టైటిలు, లింకు, ఎప్పుడు వేశారో తేదీ టైమూ, ఆ పోస్టులోని మేటర్, ఇంకా జీయూఐడీ అని ఆ పోస్టుకి మాత్రమే చెందిన ఒక ఐడీ. ఈ ఐడీ సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు గొడవంతా దీంతోనే. ఫీడ్ అంటే ఇంతే. బ్లాగులు నడపడానికి చాలామంది వాడే వర్డ్‌ప్రెస్‌లో అయితే సెట్టింగ్ మార్చకపోతే ఆఖరి పది పోస్టులే ఇందులో ఉంటాయి, పదకొండోది వచ్చాక అన్నిటికంటే పాతది కిందనుంచి జారిపోతుంది.

మనం రీడర్‌కి ఆ ఫైల్ అడ్రసు ఇస్తే చాలు, అదే కాసేపటికోసారి వెళ్లి చూసుకొస్తుంది. ఇక్కడ నాకు బాగా నచ్చే చిన్న ముచ్చట ఒకటుంది. ప్రతిసారీ వెళ్లి మొత్తం ఫైలు మోసుకొస్తే సర్వర్‌కి దండగ కదా, అందుకని మొదటిసారి ఫైలు ఇచ్చేటప్పుడే సర్వర్ దానికి ఈట్యాగ్ అని ఒక గుర్తో, చివరగా ఎప్పుడు మారిందో చెప్పే టైమో తగిలించి పంపుతుంది, రీడర్ దాన్ని దాచుకుంటుంది, మళ్లీ వెళ్లినప్పుడు "ఈ గుర్తున్న కాపీ నా దగ్గరుంది, ఏమైనా మారిందా?" అని అడుగుతుంది, మారకపోతే సర్వర్ 304 అని ఒక్క ముక్క చెప్పి పంపించేస్తుంది, ఫైలు పంపదు. ఏడాదికోసారి రాసేవాడి సైటుకి రీడర్ ఎన్ని వందలసార్లు వెళ్లినా ఆ 304లే వస్తుంటాయి, ఇటు మనకి ఏమీ తెలియదు, ఏ మోతా ఉండదు, ఒక రోజు మాత్రం 304 బదులు 200, అంటే "ఇదిగో ఫైలు" అని వచ్చి కొత్త పోస్టు లిస్టులో ప్రత్యక్షమవుతుంది. మన ఓపికతో అయ్యే పని కాదిది, మెషీన్‌కే ఆ ఓపిక.

చరిత్ర ఎక్కువ చెప్పను. 1999 మార్చిలో బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ వాళ్లు తమ మై నెట్‌స్కేప్ పోర్టల్ కోసం ఆర్ఎస్ఎస్ అనే ఫీడ్ ఫార్మాట్ మొదటి వెర్షన్ తెచ్చారు, ఆ పనిలో ముఖ్యులు రామనాథన్ గుహ, డాన్ లిబ్బీ. కొన్నాళ్లకి నెట్‌స్కేప్ దాన్ని గాలికొదిలేస్తే డేవ్ వైనర్ అనే సాఫ్ట్‌వేర్ డెవలపర్ దాన్ని ఒక వైపు లాగాడు, ఇంకో గుంపు ఇంకో వైపు లాగింది, 2000 డిసెంబరుకల్లా ఒకే పేరుతో రెండు వేర్వేరు దారులు. రెండో గుంపులో, తర్వాత ఇంటర్నెట్ ఉద్యమకారుడిగా పేరు తెచ్చుకున్న ఆరన్ స్వార్ట్జ్ కూడా ఉన్నాడు, అప్పటికి అతనికి పద్నాలుగేళ్లు! 2002లో ఆర్ఎస్ఎస్ 2.0 వచ్చింది, ఇప్పుడు మనకి ఎక్కువగా కనిపించేది అదే. ఈ తగువులన్నీ చూసి విసిగిపోయినవాళ్లు ఆటమ్ అని కొత్త ఫార్మాట్ మొదలుపెట్టారు, అది 2005 డిసెంబరులో ఆర్ఎఫ్‌సీ 4287 అనే పత్రంగా ఇంటర్నెట్ స్టాండర్డ్ అయింది. 2017లో జేసన్ ఫీడ్ అని ఇంకోటి. చదివేవాళ్లకి వీటి తేడాతో పనే లేదు, ఇప్పటి రీడర్లు దాదాపు అన్నిటినీ మింగేస్తాయి.

మరి "అదింకా ఉందా" అన్న ప్రశ్న ఎందుకొస్తోందంటే, ఫీడ్‌లు కంటికి కనిపించడం మానేశాయి కాబట్టి. ఒకప్పుడు ప్రతి సైట్లోనూ ఆ ఆరెంజ్ రంగు బొమ్మ ఉండేది, బ్రౌజర్ అడ్రస్ బార్లో కూడా వెలిగేది. 2005లో మొదలైన గూగుల్ రీడర్ 2013 జూలై 1న మూతపడింది, ఫైర్‌ఫాక్స్ 2018 డిసెంబరులో వచ్చిన 64వ వెర్షన్‌తో తన సొంత ఫీడ్ సదుపాయాన్ని తీసేసింది, దాంతో జనం మొత్తం వ్యవహారమే ముగిసిందనుకున్నారు. పోయింది చదివే కిటికీ, సైట్ల పక్కనున్న ఆ ఫైళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. వర్డ్‌ప్రెస్ సైటు పెట్టినవాళ్లలో సగం మందికి తమ సైటుకి ఫీడ్ ఉందని కూడా తెలియదేమో, అది దానంతటదే తయారవుతూ ఉంటుంది. పాడ్‌కాస్ట్‌లయితే చాలావరకు దీని మీదే నడుస్తున్నాయి, ఐటమ్‌లో ఎన్‌క్లోజర్ అని ఒక ట్యాగ్ పెట్టి ఆడియో ఫైల్ అడ్రసు ఇస్తారు, పాడ్‌కాస్ట్ యాప్ అంటే మొహం మార్చుకున్న ఫీడ్ రీడరే. అంటే ఫీడ్ ఎవడు వాడతాడు అనేవాళ్లు కూడా పొద్దున నడకలో అదే వాడుతూ ఉండొచ్చు.

సరే, అడ్రసు ఎలా పట్టుకోవాలి? అసలు చాలాసార్లు పట్టుకోనక్కర్లేదు. సైటు హోమ్ పేజీ అడ్రసునే కాపీ చేసి రీడర్లో పేస్ట్ చేస్తే, ఆ పేజీ హెడ్ భాగంలో "నా ఫీడ్ ఇక్కడుంది" అని చెప్పే లింక్ ట్యాగ్ ఉంటుంది, రీడర్ దాన్నే వెతుక్కుని పట్టేస్తుంది. అది దొరక్కపోతే కొన్ని కిటుకులున్నాయి. వర్డ్‌ప్రెస్ సైటయితే అడ్రసు చివర స్లాష్ పెట్టి ఇంగ్లీషులో ఫీడ్ అని కొట్టండి, న్యూస్‌లెటర్లు నడిపే సబ్‌స్టాక్‌కీ అంతే. బ్లాగర్‌లో ఫీడ్స్, పోస్ట్స్, డిఫాల్ట్ అని మూడు ముక్కలు స్లాష్‌లతో కలిపి కొట్టాలి. మాస్టోడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో ఎవరిదైనా ప్రొఫైల్ అడ్రసు చివర డాట్ ఆర్ఎస్ఎస్ తగిలిస్తే చాలు. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల కోడ్ ఉంచే గిట్‌హబ్‌లో ఏ ప్రాజెక్టుదైనా రిలీజెస్ పేజీ అడ్రసుకి డాట్ ఆటమ్ తగిలిస్తే కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మాత్రమే తెలుస్తుంది, సర్వర్లు చూసుకునే వాళ్లకి ఇది నిజంగా వరం, సెక్యూరిటీ ఫిక్స్ వచ్చిందో లేదో తెలుసుకోడానికి ఆ మెయిళ్ల గుట్టలో వెతుక్కోనక్కర్లేదు.

యూట్యూబ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ప్రతి ఛానెల్‌కీ ఒక ఫీడ్ ఉంది, చాలామందికి తెలియదు, అందులో ఆఖరి పదిహేను వీడియోలుంటాయి. ఛానెల్ పేజీ అడ్రసు రీడర్‌కి ఇస్తే చాలా రీడర్లు వాటంతటవే ఫీడ్ పట్టేసుకుంటాయి. దీనివల్ల లాభమేంటంటే, మనకి కావాల్సిన ఒక్క మేస్టారి పాఠం వచ్చినప్పుడు లింకు వస్తుంది, నొక్కుతాం, చూస్తాం, బయటికొచ్చేస్తాం, హోమ్ పేజీలో అడుగే పెట్టం కాబట్టి పక్కనున్న థంబ్‌నెయిల్స్ మనల్ని లాక్కెళ్లే చాన్స్ సగం తగ్గుతుంది. సగమే, పూర్తిగా కాదు, ఆ వీడియో పక్కన ఉండేవి ఉండనే ఉంటాయి.

వికీపీడియా కూడా భలే పనికొస్తుంది. ఏ వ్యాసానికైనా చరిత్ర పేజీకి వెళ్తే అక్కడ ఆటమ్ ఫీడ్ ఉంటుంది, ఎవరైనా ఆ వ్యాసంలో కామా మార్చినా రీడర్లోకి వచ్చేస్తుంది. పెద్ద వ్యాసాలకి పెట్టుకుంటే చచ్చారే, కానీ ఎవరూ పట్టించుకోని చిన్న వ్యాసం ఏదైనా మీరు కష్టపడి రాసుంటే దానికి పెట్టుకోండి.

ఫీడ్ లేని సైట్లూ ఉన్నాయి. న్యూస్‌లెటర్ మాత్రమే పంపేవాళ్ల కోసం కిల్ ద న్యూస్‌లెటర్ అని ఒక సర్వీసుంది, అది మీకో మెయిల్ అడ్రసూ దానికి జతగా ఓ ఫీడ్ అడ్రసూ ఇస్తుంది, ఆ మెయిల్‌తో సబ్‌స్క్రైబ్ అయితే వచ్చిన ప్రతి మెయిలూ ఫీడ్‌లో ఐటమ్ అయిపోతుంది. కాస్త సర్వర్ పని తెలిసినవాళ్లకి, ఫీడ్ లేని సైటు పేజీల నుంచే ఫీడ్ తయారుచేసే ఆర్ఎస్ఎస్ బ్రిడ్జ్ ఉంది. ఇవన్నీ అతుకుల బొంతలే, సైటు డిజైన్ మారితే బ్రిడ్జ్ కూలుతుంది, అయినా ఏమీ లేనిదానికంటే నయం.

ఏ రీడర్ వాడాలి అన్నదాని మీద జనం గంటలు గంటలు కొట్టుకుంటారు, నాకైతే అంత ముఖ్యం అనిపించదు. బ్రౌజర్లో వాడాలంటే ఫీడ్లీ, ఇనోరీడర్, న్యూస్‌బ్లర్, ద ఓల్డ్ రీడర్ ఉన్నాయి, ఆపిల్ వాళ్లకి నెట్‌న్యూస్‌వైర్ ఉచితం, ఆండ్రాయిడ్‌లో ఫీడర్ ఉంది, మెయిల్‌కి థండర్‌బర్డ్ వాడేవాళ్లకి అందులోనే ఫీడ్లు చదివే వీలుంది, సొంత సర్వర్ పిచ్చి ఉన్నవాళ్లకి మినీఫ్లక్స్, ఫ్రెష్ ఆర్ఎస్ఎస్. ఒక్క తేడా మాత్రం చూసుకోండి. సర్వర్ మీద నడిచేవి మీరు తెరిచినా తెరవకపోయినా ఫీడ్ తెచ్చిపెట్టుకుంటూనే ఉంటాయి. మీ ఫోన్లోనో కంప్యూటర్లోనో మాత్రమే నడిచేదాన్ని మూడు వారాలు నిద్రపుచ్చితే, ఆ మధ్యలో ఏ సైటైనా పదిహేను పోస్టులు వేసుంటే, దాని ఫైల్లో ఆఖరి పదే ఉంటే మిగతా ఐదూ మీకు ఎప్పటికీ రావు, వచ్చాయని కూడా తెలియదు. అరుదుగా రాసేవాళ్లకి ఈ బెడద లేదు, చూశారా, మళ్లీ అక్కడికే వచ్చాం. ఇంకోటి, ఏది ఎంచుకున్నా అందులో ఓపీఎంఎల్ అనే ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసే వీలుండాలి. మీ సబ్‌స్క్రిప్షన్లన్నీ ఒక ఫైల్లో బయటికి తీసుకుని ఇంకో రీడర్లో పోసుకోవచ్చు. ఒక కంపెనీ దుకాణం కట్టేస్తే ఇంకోదానికి మారడానికి పది నిమిషాల పని.

ఇప్పుడు నా ఏర్పాటు చెప్తా. అందరూ ఫోల్డర్లు టాపిక్‌ని బట్టి పెట్టుకుంటారు, టెక్, సినిమా, సైన్స్ అలా. నేను ఎంత తరచుగా రాస్తారు అన్నదాన్ని బట్టి పెట్టుకుంటాను. మొదటి ఫోల్డర్లో ఎప్పుడో ఒకసారి రాసేవాళ్లు, ఇందులో వచ్చింది ఏదైనా చదువుతాను, టైటిల్ బాగోకపోయినా చదువుతాను, ఏడాదికి ఒకటి రాసే మనిషి ఊరికే రాయడు. రెండోది వారానికి ఒకటీ రెండూ రాసేవాళ్లది, టైటిల్ చూసి ఎంచుకుంటా. మూడోది జోరుగా రాసేవాళ్లది, దాన్ని తెరిచినప్పుడు ఒక చూపు చూసి మొత్తం చదివేసినట్టు మార్క్ చేసి పారేస్తా, అందులో చదవాల్సిన అప్పేమీ లేదు. మూడో ఫోల్డర్‌కి చదవని వాటి అంకె కనిపించకుండా ఆపేశాను, చాలా రీడర్లలో ఆ సెట్టింగ్ ఉంటుంది, లేకపోతే మొత్తంగా ఆపేయండి. ఆ అంకె ఉన్నంతసేపూ మనం చదవట్లేదు, బాకీ తీరుస్తున్నాం. వేరే వాళ్లు టాపిక్ ఫోల్డర్లే బాగున్నాయంటారు, సరే వాళ్లిష్టం, కానీ టాపిక్ ఫోల్డర్లో రోజుకి ఇరవై వేసే సైటు పక్కన ఏడాదికొకటి వేసే బ్లాగుని కూర్చోబెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, సోషల్ మీడియాలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. ఎక్కువ రాసే సైటులో మీకు కావాల్సింది ఒక్క శీర్షికో ఒక్క రచయితో అయితే దానికి వేరే ఫీడ్ ఉందేమో చూడండి, వర్డ్‌ప్రెస్‌లో ప్రతి కేటగిరీకీ ప్రతి రచయితకీ విడిగా ఫీడ్ ఉంటుంది, ఆ పేజీ అడ్రసు చివర అదే స్లాష్ ఫీడ్.

నోటిఫికేషన్లు మాత్రం పెట్టుకోవద్దు. ఆర్నెల్లకో పోస్టు రాసే మనిషి పోస్టుని ఆ క్షణంలోనే చదవాల్సిన అవసరం ఏముంది? ఆదివారం చదివినా అది అదే పోస్టు.

ఫీడ్లతో చికాకులు లేవా అంటే ఉన్నాయి. మొదటిది ఆ ఐడీ గొడవ. సైటువాళ్లు పాత ప్లాట్‌ఫామ్ నుంచి కొత్తదానికి మారతారు, కొత్తది పాత పోస్టులన్నిటికీ కొత్త ఐడీలు ఇస్తుంది, రీడర్‌కి తెలిసింది ఐడీ ఒక్కటే కాబట్టి అవన్నీ కొత్త పోస్టులే అనుకుని, మూడేళ్ల నాటి పోస్టులు కూడా చదవనివిగా తెచ్చి గుమ్మరిస్తుంది. ఒక పొద్దున రీడర్ తెరిస్తే ఒకే బ్లాగు నుంచి పెద్ద వరద కనిపిస్తే కంగారు పడకండి, ఆయనకి పూనకం రాలేదు, ఇల్లు మారాడంతే. రెండోది తేదీ తప్పులు, ఎవరో పొరపాటున వచ్చే ఏడాది తేదీ వేస్తే ఆ పోస్టు కొన్ని రీడర్లలో నెలల తరబడి పైన తిష్ఠ వేస్తుంది. మూడోది అన్నిటికంటే ఇబ్బంది, ఫీడ్ చడీచప్పుడు లేకుండా చచ్చిపోవడం. అరుదుగా రాసేవాళ్ల విషయంలో ఇది మరీ కనిపెట్టడం కష్టం, ఆయన రాయట్లేదా, రాస్తున్నా ఫీడ్ తెగిపోయిందా? రెండూ మనకి ఒకేలా కనిపిస్తాయి. అందుకే చాలా రీడర్లలో ఎర్రర్ వచ్చిన ఫీడ్ల లిస్టు ఒకటుంటుంది, అప్పుడప్పుడూ దాన్ని తెరిచి చూసుకోవాలి, 404, అంటే "ఆ అడ్రసులో ఏమీ లేదు" అని వచ్చే ప్రతిదాన్నీ సైటుకెళ్లి ఒకసారి పలకరించాలి. చాలాసార్లు సైటు బాగానే ఉంటుంది, ఫీడ్ అడ్రసే మారి ఉంటుంది. కొన్నిసార్లు సైటే ఉండదు.

ఇంక సైటు నడిపేవాళ్లకి నా నుంచి నాలుగు రిక్వెస్టులు. ఫీడ్‌లో రెండు లైన్లు పెట్టి "ఇంకా చదవండి" అనకండి, పూర్తి పోస్టు ఇవ్వండి, వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే పేజీలో ఒక్క క్లిక్ పని. పూర్తిగా ఇస్తే సైటుకి ఎవరూ రారు అని భయపడేవాళ్లకి ఒకటే చెప్తా, రీడర్లో పెట్టుకునేంత దూరం వచ్చినవాడు మీకున్న పాఠకుల్లో గట్టివాడు, వాడితోనా బేరం? పైగా ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటివి ఫీడ్ తీసుకెళ్లేటప్పుడు తమ దగ్గర ఎంతమంది సబ్‌స్క్రైబర్లున్నారో కూడా మీ సర్వర్‌కి చెప్తాయి, సర్వర్ లాగ్‌లో యూజర్ ఏజెంట్, అంటే వచ్చిన ప్రోగ్రామ్ తనెవరో చెప్పుకునే లైను, చూస్తే అంకె కనపడుతుంది, ఎవరూ చదవట్లేదనుకునే బ్లాగర్లు ఒకసారి అక్కడ చూసుకుంటే ఆశ్చర్యపోవచ్చు. ప్లాట్‌ఫామ్ మారేటప్పుడు పాత ఐడీలు అలాగే ఉంచండి, ఫీడ్ అడ్రసు మారితే పాతదాని నుంచి కొత్తదానికి శాశ్వతంగా పంపే 301 రీడైరెక్ట్ పెట్టండి, హెడ్‌లో ఆ లింక్ ట్యాగ్ తీసేయకండి. ఈ మధ్య ఇంకో కొత్త బెడద, బాట్ల మీద యుద్ధం పేరుతో సైటు ముందు కాపలా పెట్టుకుంటున్నారు, మనిషివా రోబోవా అని అడుగుతుంది, పాపం రీడర్ రోబోనే కదా, అది ఏం జవాబు చెప్తుంది, 403, అంటే "లోపలికి రానివ్వం" అన్న జవాబు తిని వెనక్కొస్తుంది. ఆ కాపలా సెట్టింగుల్లో ఫీడ్ అడ్రసు ఒక్కదానికి మినహాయింపు రాసి, తర్వాత ఏదైనా రీడర్లో మీ సైటుని మీరే వేసుకుని వస్తోందో లేదో చూసుకోండి.